మూడో పేరా

ప్లీడరు రిప్లై నోటీసులో ‘అబద్ధం’ అని రాసిన సంగతి, అవతలివాళ్లు దాన్ని సంతకం పెట్టి అందుకున్న క్షణం నుంచి జరగనిదైపోయే పద్ధతి కందుకూరులో ముప్పై ఏళ్లుగా అమల్లో ఉంది. తీసుకోకుండా తిప్పి పంపినా అందినట్టే లెక్క. ప్రహరీ కట్టలేదని రాయించినవాళ్ల గోడలు మధ్యాహ్నానికల్లా మాయమయ్యేవి. పెళ్లే జరగలేదని రాయించిన ఒకాయన, ఆల్బమ్ నిండా పీటల మీద ఒంటరిగా కూర్చుని కనిపిస్తాడు. ఇందులో ఎవరికీ వింత కనిపించదు.

అందుకే ఆస్పత్రి లాయరు నుంచి నోటీసు వచ్చినప్పుడు సైకిల్ షాపు మాలకొండయ్య కంగారు పడలేదు. గుండె ఆపరేషన్ తాలూకు బాకీ పదిహేను రోజుల్లో కట్టకపోతే షాపు జప్తు చేయిస్తామని అందులో ఉంది. అతను నేరుగా ప్లీడరు నరసింగరావు దగ్గరికి వెళ్లాడు. వృత్తిలో నరసింగరావు సూత్రం ఒక్కటే: ఏదీ ఒప్పుకోకూడదు. నోటీసు పూర్తిగా చదవకుండానే ‘పేరా ఒకటి నుంచి నాలుగు వరకు పూర్తిగా అబద్ధం’ అని టైపు చేయించి, రిజిస్టర్ పోస్టులో ఆస్పత్రికి పంపించాడు.

మర్నాడు ఉదయం మాలకొండయ్య భార్య ఆదెమ్మ నోటీసునూ, రిప్లై నకలునూ పక్కపక్కన పెట్టుకుని చదివింది. మూడో పేరా దగ్గర ఆగింది. అక్కణ్నుంచి ప్లీడరు ఆఫీసుకు ఒకటే పరుగు.

“అయ్యా, మూడో పేరాలో ఏముందో చూశారా?”

“ఏముంటదమ్మా?”

“ఆపరేషనయ్యాక మా ఆయన ప్రాణాలతో ఇంటికెళ్లాడని ఉంది. అదీ అబద్ధమేనా?”

నరసింగరావు కళ్లజోడు సర్దుకుని చదివాడు. “నిజమే, ఉంది. కానీ ఒక్క పేరా ఒప్పుకున్నామంటే కేసు బలహీనమైపోద్దమ్మా.”

“కేసు తగలబడిపోనీండి! మనిషి పోతాడయ్యా!”

ప్లీడరు గడియారం చూశాడు. పదకొండూ పది. “పోస్ట్‌మాన్ సుబాని పదకొండింటికి బయల్దేరతాడు. ముందు బ్యాంకు, తర్వాత ఆస్పత్రి,” అన్నాడు, సాయం చేసే ఉద్దేశంతోనే.

ఆదెమ్మ రోడ్డు మీదికి దూకి ఆటో ఆపింది.

“ఆస్పత్రికి! తొందరగా!”

“సీరియస్సా అక్కా?”

“ఇంకా కాలేదు. పోనీ!”

మార్కెట్ దగ్గర ఉల్లిపాయల లారీ అడ్డం తిరిగి ఉంది. ఆదెమ్మ ఆటో దిగి బస్తాల సందుల్లోంచి పరుగెత్తింది. ఒక చెప్పు తెగింది. రెండోదాన్ని తనే వదిలేసింది.

ఆస్పత్రి కౌంటరు దగ్గర సుబాని అప్పటికే కవరు ఇచ్చి, సంతకం కోసం కార్డు ముందుకు తోశాడు. రిసెప్షనిస్టు నాగ హేమలత ఎప్పుడూ పూర్తి పేరు రాసే మనిషి. ‘నాగ’ అని రాసింది.

అదే క్షణంలో, షాపులో ట్యూబుకు సొల్యూషన్ పూస్తున్న మాలకొండయ్య ఛాతీ మీది కుట్ల గీత సగం చెరిగిపోయింది.

“ఏంది మాలకొండయ్యా, ఆ చెమటలు?” అని అడిగాడు పంక్చరు కోసం వచ్చినాయన.

“ఏమో... ఊపిరి సగమే ఆడతంది.”

“ఆపమ్మా!” ఆదెమ్మ కౌంటరు మీద పడింది. “ఒప్పుకుంటన్నాం! నాలుగు పేరాలూ ఒప్పుకుంటన్నాం!”

హేమలత పెన్ను గాల్లోనే ఆపింది. “మిగతా పేరు రాసేస్తే ఇంక నా చేతుల్లో ఉండదు ఆంటీ. గబగబా ఈ ఫారం మీద సంతకం పెట్టండి.”

‘రోగి బతికే ఉన్నాడని, బాకీ ఉన్నంతవరకు ఉంటాడని ఒప్పుకుంటున్నాను’ అని ఫారంలో అచ్చయి ఉంది. ఆపరేషన్ ముందు సంతకం పెట్టింది ఆదెమ్మే కాబట్టి దీనికీ ఆమె సంతకం చెల్లింది. హేమలత ‘నాగ’ కొట్టేసింది. షాపులో మాలకొండయ్య నిండుగా ఊపిరి తీసుకుని, ప్యాచ్ అంటించాడు.

అప్పట్నుంచి అతను ప్రతి నెలా ఒకటో తేదీన ఆస్పత్రి క్యూలో నిలబడి, వాయిదా కట్టి, బతికే ఉన్నానని సంతకం పెడుతున్నాడు. క్యూ పెద్దదే అయినా, అందరూ సరదాగానే కబుర్లు చెప్పుకుంటారు. పోయిన నెల ముందున్న టీకొట్టు ఏడుకొండలు మాత్రం పాత రసీదులు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు. చివరికి తనే వెనక్కి తిరిగాడు.

“నీకింకా ఎన్నాళ్లుంది బావా?”

“మూడేళ్లు పడుద్ది.”

“అదృష్టవంతుడివి. నాది ఇయ్యాల్టితో అయిపోద్ది.”

తన వంతు వచ్చినప్పుడు మాలకొండయ్య, వాయిదా డబ్బులోంచి ఒక వంద నోటు తీసి జేబులో పెట్టుకుని, మిగతాది కట్టాడు.