తొంభై ఎనిమిది శాతం క్షేమం

పరిశోధన చేయడం రాని వాళ్లు ఇకమీదట కాన్పుల గదిలో కాలు పెట్టరాదని మా ప్రసూతి ఆసుపత్రిలో ఉత్తర్వు వెలువడింది. సిబ్బంది అందరూ హర్షించారు. హర్షించినట్టు సంతకాలు కూడా పెట్టారు, ఎందుకంటే ఉత్తర్వు అడుగున అందుకోసమే గీతలు కొట్టి ఉంచారు.

నర్సులకూ, కాన్పులు చేసే మిడ్‌వైఫ్‌లకూ పరిశోధన నైపుణ్యాల్లో పీజీ కోర్సు. పద్నాలుగు వారాలు. అంతా ఆన్‌లైన్. ఎవరూ ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు, డ్యూటీ మానక్కర్లేదు. ఫోను ఎదురుగా పెట్టుకుని నిలబడితే విద్య తనంతట తానే వచ్చి చెవిలో పడుతుంది. ప్యాసైన వాళ్లు కాన్పుల గదిలో ఉంటారు. తప్పిన వాళ్లు దుప్పట్ల గదికి వెళ్లి, ఉతికి వచ్చిన దుప్పట్లు మడతపెడతారు. దుప్పట్లకు మాత్రం పరిశోధన అక్కర్లేదని సూపరింటెండెంటుగారు పెద్ద మనసుతో మినహాయింపు ఇచ్చారు.

ఈ కోర్సు పెద్దక్కను సాగనంపడానికే పెట్టారని కొందరు గొణిగారు. అది అన్యాయం. పెద్దక్క అనే మనిషి ఒకావిడ ఉందని కోర్సు పెట్టిన వాళ్లకు తెలియనే తెలియదు. ముప్పై రెండేళ్లుగా ఆవిడ ఆ గదిలో కాన్పులు చేస్తోంది. ఆరువేల పైచిలుకు. ఊళ్లో సగం మందిని మొట్టమొదట చూసింది ఆవిడే. వాళ్లు ఇప్పుడు దారిలో ఎదురై పలకరిస్తే మాత్రం గుర్తుపట్టలేదు. తలకిందులుగా పట్టుకుంటే గుర్తుపడతానంటుంది.

ఇంత అనుభవం ఉన్న మనిషికి ఈ చదువెందుకండీ అని చిన్న నర్సు అడిగింది. చిన్న నర్సు అంటే ఉద్యోగంలో చేరి రెండేళ్లయిన అమ్మాయి, ఇంకా ప్రశ్నలు అడిగే వయసు. అనుభవం ఆధారం కాదనీ, అనుభవం ఉన్నవాళ్లు తమకు ఏదో తెలుసునని నమ్మే ప్రమాదం ఉందనీ, ఆ ప్రమాదం నుంచి వాళ్లను బయటపడేయడానికే విశ్వవిద్యాలయాలు వెలిశాయనీ సూపరింటెండెంటుగారు విశదీకరించారు.

పెద్దక్క వాదించలేదు. పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్లు ఉంది. ఆ నాలుగేళ్లూ ఆ గదిలో ఉండనిస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

"మడతపెట్టలేక కాదే," అని చిన్న నర్సుతో మాత్రం అంది. "దుప్పటి ఏడవదు కదా. వచ్చిందని ఎట్లా తెలుస్తుంది?"

పాఠాలు మొదలయ్యాయి. పాఠాలు చెప్పే మార్గదర్శకులుగారిది తెర మీద నుదురు మాత్రమే కనిపించేది. పద్నాలుగు వారాల్లో ఆయన కళ్లు ఎవరూ చూడలేదు గానీ, ఆ నుదురు విశాలంగా ఉండటంతో విద్వత్తు మీద ఎవరికీ అనుమానం కలగలేదు. కాన్పుల గదిలో కత్తెరలు పెట్టే స్టీలు పళ్లెంలో ఫోనును నిలబెట్టి, పెద్దక్క ఒక చెవి అటూ, రెండు చేతులు ఇటూ ఉంచి చదువుకుంది. ఒకరోజు హాజరు పిలుస్తుండగా మంచం మీదావిడ నొప్పి తట్టుకోలేక అరిచింది. అనుమతి లేకుండా మాట్లాడేది ఎవరో మైకు కట్టేసుకోవాలని నుదురు ముడుచుకుంది. మంచం మీదావిడ క్షమాపణ కోరింది. హాజరు పిలిచినప్పుడు పలికిన కారణంగా ఆవిడ పేరు కూడా జాబితాలోకి ఎక్కింది. బాలింతగా ఇంటికి వెళ్లాక కూడా ఆవిడకు మూడు అసైన్‌మెంట్లు బాకీ ఉన్నాయని ఉత్తరాలు వస్తున్నట్టు భోగట్టా.

మూడో వారంలో శూన్య ప్రతిపాదన అనే గొప్ప విషయం వచ్చింది. ఏది జరుగుతుందని మనకు ఆశో, అది జరగదని ముందుగా రాసుకోవాలట. ఆ తర్వాత కష్టపడి అది తప్పని చూపించాలట. ఉదాహరణకు బిడ్డ పుట్టదు అనుకోండి, అని మార్గదర్శకులుగారు గట్టిగా, స్పష్టంగా సెలవిచ్చారు. ఆ సమయానికి మంచం మీద ఉన్నది తొలి కాన్పు పిల్ల. ఆమె మొహం పాలిపోయింది.

"పుట్టదా?" అంది.

గది కడుగుతున్న ఆయమ్మ చీపురు ఆపింది. "పుడుతుందమ్మా. ముందు పుట్టదని రాసుకోవాలంట, చదువుకున్నోళ్ల పద్ధతిది. నువ్వు అదంతా చెవిన పెట్టకు, నీ పని నువ్వు చేసుకో."

పిల్ల తన పని తాను చేసుకుంది. పన్నెండు నిమిషాల్లో శూన్య ప్రతిపాదన వీగిపోయి, మూడు కిలోల బరువుతో కెవ్వుమంది. కానీ ఒక్క కాన్పుతో తేల్చేయడం తొందరపాటు అవుతుందని మార్గదర్శకులుగారు హెచ్చరించారు.

ఇలా పదో వారానికి చేరారు. ప్రతి అభ్యర్థినీ తాను స్వయంగా రాసిన వృత్తి సంబంధమైన రచనను సమర్పించి, దాని మీద పరిశోధన చేయాలి. పెద్దక్క జీవితంలో రాసింది ఒక్కటే, కాన్పుల రిజిస్టరు. అట్టలు ఊడిపోయిన పందొమ్మిది పెద్ద పుస్తకాలు. తేదీ, వేళ, బరువు, ఆడా మగా, చివరి గడిలో వివరం. ఆ వివరం గడిలో ఆవిడ చేత్తో రాసిన మాట ఇంచుమించు ఒక్కటే: తల్లీ బిడ్డా క్షేమం. చిన్న నర్సు పదహారు రోజులు కూర్చుని దాన్నంతా టైపు కొట్టి పంపింది.

విశ్వవిద్యాలయంలో కాపీలు పట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. అది ఎవరినీ నమ్మదు, అందుకే దాన్ని అందరూ నమ్ముతారు. అది పెద్దక్క రచనను చదివి, కాపీ అనుకున్న చోటల్లా పసుపు రంగు పూసి తిరిగి పంపింది. పుస్తకమంతా పసుపే. తొంభై ఎనిమిది శాతం కాపీ అని తేల్చింది. అభ్యర్థిని ఒకే వాక్యాన్ని ఆరువేల రెండువందల పదమూడు సార్లు తన నుంచి తానే దొంగిలించారనీ, అదే వాక్యం మరో నాలుగువందల ఆసుపత్రుల రిజిస్టర్లలో కూడా ఉందనీ, ఇది వ్యవస్థీకృతంగా సాగుతున్న వ్యవహారంలా కనిపిస్తోందనీ నివేదిక. కవలలు పుట్టిన చోట రెండో బిడ్డను ప్రత్యేకంగా ఎర్రరంగుతో గుర్తించింది.

మార్గదర్శకులుగారు విచారణ జరిపారు. ఈ వాక్యానికి మూలం ఏమిటని అడిగారు. తనకు పని నేర్పిన మేట్రనమ్మ అలాగే రాసేదని పెద్దక్క చెప్పింది. అయితే ఆవిడ గ్రంథం పేరు, ప్రచురణ సంవత్సరం, పుట సంఖ్య ఇవ్వమన్నారు.

"ఆవిడ పోయి చాలా ఏళ్లయిందండీ," అంది పెద్దక్క. "పోయేటప్పుడు పుట సంఖ్య చెప్పలేదు."

రెండు వారాలు గడువు ఇచ్చారు. ఈలోగా సొంత మాటల్లో తిరగరాయాలి. ఆసుపత్రి పరువు సమస్య కనుక సూపరింటెండెంటుగారు పర్యాయపదాల సంఘం ఒకటి వేసి, ఇకపై ఏ రెండు కాన్పులకూ ఒకే వాక్యం వాడరాదని, నోటితో చెప్పినా సరే ఇదే నియమమని ఆదేశించారు. సంఘం చురుగ్గా పనిచేసింది. జననియు శిశువును నిరపాయముగా నున్నారు. తల్లి బాగుంది, బిడ్డ కూడా అందుకు తీసిపోదు. ఇద్దరిలో ఎవరికీ ఏమీ కాలేదని వినికిడి. ఇలా నాలుగు వేల దాకా తయారుచేశాక సంఘంలో ఇద్దరికి తలనొప్పి పట్టుకుంది.

నడవాలో ఒక తండ్రి నిలబడి ఉన్నాడు. తెల్లవారినప్పటి నుంచీ నిలబడే ఉన్నాడు, పక్కన బెంచీ మీద వాళ్లమ్మ. చిన్న నర్సు బయటికి వచ్చి, ఆ కాన్పుకు కేటాయించిన కాగితం చూసి చదివింది: "ఉభయుల దేహస్థితి ప్రస్తుతానికి ఆందోళనకు తావివ్వనిదై యున్నది."

"ప్రస్తుతానికా?" అన్నాడు తండ్రి. అని గోడ వెంట జారి కూలబడ్డాడు. వాళ్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. చిన్న నర్సుకు కూడా ఏడుపు వచ్చేసింది, కానీ దానికి కేటాయించిన కాగితం లేదు.

ఆయమ్మ బకెట్టు కింద పెట్టి వాళ్ల మీదికి వంగింది. "లేవయ్యా. తల్లీ బిడ్డా క్షేమం. ఈ మాట నేనన్నానని ఎక్కడా అనకు, కాపీ అంట."

తిరగరాసిన ప్రతిని సాఫ్ట్‌వేర్ మళ్లీ చదివింది. ఈసారి అది మరింత లోతుకు వెళ్లింది. మాటలు మారాయి గానీ భావం మారలేదంది. ప్రతి కాన్పులోనూ ఇద్దరూ బాగుండటం అనే ఒకే భావాన్ని అభ్యర్థిని విసుగూ విరామమూ లేకుండా వాడుకుంటున్నారని ఆక్షేపించింది. విషయంలో వైవిధ్యం ఉండాలని మార్గదర్శకులుగారు సూచించారు. ఫలితాల్లో కొంచెం వైవిధ్యం తీసుకురావడం సాధ్యమేనా అని సూపరింటెండెంటుగారు పెద్దక్కను మర్యాదగానే అడిగారు. సాధ్యం కాదని చెప్పి, పెద్దక్క చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

ఇక దుప్పట్ల గది ఖాయమని తేలిపోయింది. అక్కడి ఉద్యోగి ఆవిడ కోసం ఒక స్టూలు కూడా తుడిచి పెట్టాడు.

చివరి మౌఖిక పరీక్షకు తెర మీద మూడు నుదుళ్లు ప్రత్యక్షమయ్యాయి. మధ్య నుదురు శాంతంగా, మొత్తం రచన పసుపే అయినా ఒక్కచోట మాత్రం నాలుగు వరుసలు తెల్లగా మిగిలాయనీ, సాఫ్ట్‌వేర్ లోకమంతా గాలించినా వాటికి పోలిక దొరకలేదనీ చెప్పింది. ఆవిడ ఉద్యోగంలో పదకొండో ఏటి రిజిస్టరు. దాన్ని పైకి చదవమన్నారు.

పెద్దక్క కళ్లజోడు పెట్టుకుంది. పెట్టుకుంది గానీ కాగితం చూడలేదు.

"బిడ్డ క్షేమం. తల్లి లేదు. బయట ఆమె భర్త నిలబడి ఉన్నాడు, నన్ను చూసి నవ్వాడు, నేను తలుపు వేసేశాను. ఆమె చెప్పులు మంచం కిందే ఉన్నాయి. ఎవరి చేతికి ఇవ్వాలో అడగలేకపోయాను."

మూడు నుదుళ్లూ వెలిగాయి. అచ్చమైన స్వీయరచన అన్నారు. సంక్షిప్తత ఉందన్నారు, చెప్పుల వివరం చాలా బాగా కుదిరిందన్నారు. కుడివైపు నుదురుకు మాత్రం ఒక అసంతృప్తి మిగిలింది. ముప్పై రెండేళ్ల వృత్తి జీవితంలో ఇలాంటిది ఒక్కటేనా, పరిశోధనకు ఒక్కటి బొత్తిగా చాలదు కదా అని అడిగింది.

పెద్దక్క కళ్లజోడు తీసేసింది. మైకు తెరుచుకోవాలని గుర్తుచేశారు. మైకు తెరిచే ఉంది.

"ఒక్కటే చాలా ఎక్కువైందండీ," అంది.

తన అధ్యయనంలోని పరిమితులను అభ్యర్థిని నిజాయితీగా అంగీకరించినట్టు నమోదు చేసుకుని, ఆవిడను డిస్టింక్షన్‌లో ప్యాసు చేశారు. విశ్వవిద్యాలయం ఆ నాలుగు వరుసలను పెద్ద అక్షరాలతో అచ్చువేయించి పటం కట్టి పంపింది. సూపరింటెండెంటుగారు దాన్ని కాన్పుల గది తలుపుకే, లోపలికి వచ్చే ప్రతి నిండు చూలాలికీ కళ్లకు ఎదురుగా ఉండేట్టు తగిలించారు. సన్మాన సభలో ఆయన ఉద్వేగంతో మాట్లాడారు.

"ఇంత ప్రతిభను ఈవిడ ఇన్నేళ్లూ దాచిపెట్టుకున్నారు. ఆరువేల అవకాశాలు చేతికి వచ్చినా ఒక్కసారే ఉపయోగించుకున్నారు. మిగతా సిబ్బంది ఈ పొరపాటు చేయకూడదని కోరుతున్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దక్క సభ మధ్యలోనే లేచి వెళ్లింది, ఎవరికో నొప్పులు మొదలయ్యాయని కబురు వచ్చింది. కోరుకున్నట్టే ఆవిడ ఆ గదిలోనే మిగిలింది. కాకపోతే ఇప్పుడు లోపలికి వెళ్లాలంటే ప్రతిసారీ ఆ తలుపు తోసుకుని వెళ్లాలి. ఆవిడ భుజంతో తోస్తుంది, మొహం అటు తిప్పుకుని.

ఇదంతా ఆసుపత్రి వాళ్ల తెలివితక్కువతనమని నవ్వుకుంటున్న పాఠక మహాశయులకు ఒక మనవి. ఆరువేల రెండువందల పదమూడు సార్లు అక్కడ ఇద్దరూ బాగున్నారని పైన రాశాను. అందులో ఒక్క తల్లి పేరైనా, ఒక్క బిడ్డ సంగతైనా మీరు అడగలేదు. ఆ అంకెను దాటుకుని చకచకా కిందికి వచ్చేశారు. మీరు ఆగింది ఆ చెప్పుల దగ్గరే.