సత్తుపల్లి పులి, ఫోన్ చేస్తే మీ ఇంటికే

మా ఆవిడ పద్మప్రియ పులిహోర గుజ్జు చేసి సీసాల్లో పెట్టి అమ్ముతుంది. సత్తుపల్లిలో ఆ చేతికి మంచి పేరు. దాని వెబ్‌సైట్ మాత్రం నా చేతిలో ఉంది. అదీ ఆవిడ ఖర్మ.

ఆ వారం భద్రాచలం అడవుల నుంచి పులి ఒకటి ఇటు దిగిందని పుకారు లేచింది. ఊరంతా ఫోన్లలో "సత్తుపల్లి పులి" అని ఒకటే వెతుకులాట. మా సైట్ వైపు చూసే నాథుడు లేడు. అప్పుడు నా బుర్ర పనిచేసింది. అది పనిచేసినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి పగులుతుంది.

"పద్మా, గూగుల్ ఒక మరమనిషిని పంపిస్తుంది. వాడు సైట్లన్నీ చదివి పోయి అక్కడ చెప్తాడు. వాడొస్తే పులి అని నింపిన పేజీ చూపిస్తా. మనుషులొస్తే మన పులిహోర పేజీ."

"అంటే అబద్ధం చెప్తరా?"

"మనుషులకి కాదుగా, మిషనుకి!"

"మిషనుతో అలవాటైతే మనుషులదాకా రావడానికి ఎంతసేపండీ? వద్దు. సీసా మీద ఉన్నది నా పేరు."

వద్దన్న పని చేయకపోతే మొగుణ్ణెట్లా అవుతాను? ఆవిడ స్నానానికి వెళ్లగానే, మరమనిషి పేజీలో పులిహోర అన్నచోటల్లా "హోర" పీకేశాను.

తెల్లారేసరికి గూగుల్లో మొదటి వరసలో మేమే. "సత్తుపల్లి పులి. ఒక్క ఫోన్ చేస్తే మీ ఇంటికే వస్తుంది. ఇంట్లో పిల్లలుంటే ఇక చెప్పక్కర్లేదు!"

జనం హడలిపోయారు. నొక్కి చూస్తే పులి లేదు, చింతపండు సీసా ఉంది. దాంతో ఇంకా హడలిపోయారు.

"ఏందన్నా, పులి సంగతి తీసేసి చింతపండు పెట్టిండ్రు! ఏందో దాస్తుండ్రు," అంటూ పక్కింటి ఫజిలత్ పిల్లల్ని లోపలికి లాక్కుంది. పామాయిల్ తోటలకు కూలీలు రావడం మానేశారు. మా సీసాలు మోసే ఆటో బాబూరావు ఫోన్లోనే దండం పెట్టాడు.

పులి లేదని నాకు తెలుసు. అయినా ఊరంతా ఉందంటుంటే, పెరట్లో ఆకు కదిలినా ముందు తలుపేసింది నేనే.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. మరమనిషికొకటి, మనుషులకొకటి చూపిస్తున్నామని గూగుల్ కనిపెట్టింది. మా సైట్‌ని ఎత్తి అవతల పారేసింది. ఇప్పుడు పద్మప్రియ పులిహోర అని పూర్తిగా కొట్టినా మేం లేం. పొయ్యి సెగలో నిలబడి ఆవిడ తెచ్చుకున్న పేరు అది. నాకు నిజంగా భయమేసింది, అన్నం సయించలేదు.

చెప్పే ధైర్యం లేక ఇంకో పేజీ చేశాను. అది మా ఇంటి వైఫైలోనే కనిపిస్తుంది. అందులో అన్నీ ఆర్డర్లే. వైరా నుంచి, కల్లూరు నుంచి, పుట్టని మనుషుల నుంచి.

"ఆర్డర్లు బాగున్నాయే!" అంది పద్మ.

"అంతా నీ చేతి మహిమ."

"పులిహోర కలపడం నా పనండీ, మీరు కలపకండి. ఈ కల్లూరు చెంచురామయ్య గారెవరు? సంచెడు సీసాలు అడిగిండ్రు."

"ఆయన... తిండిపుష్టి గల మనిషి."

అంతలో ఏదో కొత్త నంబరు నుంచి నా ఫోన్ మోగింది.

"కల్లూరు నుంచి చెంచురామయ్యను," అంది ఒక బొంగురు గొంతు. "నా సీసాలేవి?"

నేను పుట్టించిన మనిషి నాకే ఫోన్ చేస్తున్నాడు!

"పంపకపోతే నేనే వస్తున్నా. మీ ఇంటి దగ్గరికి వచ్చేసిన."

"నువ్వు రాలేవు! నువ్వు లేవు! నిన్ను నేనే రాశాను, పద్మ చూడాలని!" అని అరిచాను.

ఫోన్లో నవ్వు వినిపించింది. అదే నవ్వు పక్కింటి గోడ అవతల నుంచీ వినిపించింది. అది ఫజిలత్ భర్త జానీ మియాది.

పద్మ మాత్రం నవ్వలేదు. "పొద్దున ఫజిలత్ ఫోన్లో చూసిన. సైటే లేదు. మీరు నాకొక పేజీ చేసిండ్రు కదా, నేను మీకొక మనిషిని చేయించిన."

తల దించుకునే జరిగిందంతా చెప్పేశాను. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి.

"పేరు పోయిందని ముందే చెప్తే ఇద్దరం కలిసి భయపడేవాళ్లం కదండీ."

అప్పటికప్పుడు ఆవిడ చెప్తుంటే నేను రాశాను. ఊరి గ్రూపులో నా పేరు మీద, పులి లేదు, హోర పీకింది నేనేనని. గూగుల్‌కి, ఇకమీదట అందరికీ ఒకటే పేజీ, తప్పు మన్నించమని.

"గూగుల్ మళ్లీ తీసుకుంటుందంటావా?" అన్నాను బెరుగ్గా.

"వాళ్ల సంగతి నాకేం తెలుసు," అంది పద్మ. "నేనైతే ఇంకా ఆలోచిస్తున్నా."