వరస కలిపిన కంపెనీ

విదేశీ కంపెనీలకు మానవత్వం లేదనే వాళ్ళ నోళ్ళు పడిపోను! మానవత్వం ఏం ఖర్మ, ఏకంగా చుట్టరికమే కలుపుకుంటున్నాయి.

నమ్మకం కుదరకపోతే అవనిగడ్డలో బస్సెక్కి, సముద్రం దాకా వెళ్ళి నాంచారమ్మను అడగండి. చేపలు ఎండబెట్టి అమ్ముకునే ఈవిడకు, కూతుళ్ళు లేకుండానే అల్లుడు దొరికాడు. పేరు స్టీవ్. ఊరికీ సముద్రానికీ మధ్యనున్న ఇసుక దిబ్బలో ఖరీదైన ఖనిజం ఉందని కనిపెట్టి, దాన్ని తవ్వుకుపోవడానికి వచ్చిన కంపెనీలో ఆయన ‘కమ్యూనిటీ రిలేషన్స్’ ఆఫీసరు. రిలేషన్స్ అంటే చుట్టరికాలే కదా! అందుకే ఆడవాళ్ళందర్నీ ‘అత్తయ్యా’ అనీ, మగవాళ్ళందర్నీ ‘అన్నయ్యా’ అనీ పిలవమని ట్రైనింగులో నేర్పారు.

ఆ లెక్కన నాంచారమ్మ అత్తయ్య, ఆమె మొగుడు యలమంద అన్నయ్య! ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. అయినా వరస కలిపిన మనిషిని గుమ్మంలోంచి పంపేస్తారా? నాంచారమ్మ పీతల ఇగురు వండిపెట్టింది. కారానికి ముక్కు చీదుకుంటూనే ఆయన మళ్ళీ వడ్డించుకున్నాడు.

బదులుగా కంపెనీ ఏమిచ్చిందనుకున్నారు? టోపీలు! ఇంటింటికీ, కంపెనీ బొమ్మతో సహా! జనానికి టోపీ పెట్టడంలో ఇంత పారదర్శకత ఇంకెక్కడైనా చూశారా?

ఆ తర్వాత షామియానా వేసి, కూల్‌డ్రింకులు పంచి మీటింగు పెట్టారు.

“దిబ్బ ఇవ్వండి అత్తయ్యా. మనం ఒకే ఫ్యామిలీ,” అన్నాడు స్టీవ్, బట్టీపట్టిన తెలుగులో.

నాంచారమ్మ దిబ్బ వైపు చూసింది. డెబ్బై ఏడు ఉప్పెనలో కన్నవాళ్ళు కొట్టుకుపోతే, ఆ దిబ్బ మీది తాడిచెట్టును కరుచుకుని బతికిన మనిషి ఆమె. కానీ అల్లుడు నోరు తెరిచి అడిగాడాయె!

“అలాగే పట్టుకెళ్ళు నాయనా,” అంది. “పిల్ల లేకపోతేనేం, నువ్వు మా ఇంటికి ఇల్లరికం వచ్చెయ్. దిబ్బ పోయాక ఉప్పెనొస్తే మాతోపాటే ఉందువుగాని. మంచం నీకే ఇస్తాలే.”

కంపెనీ దుబాసీ ఆ మాటను ఇంగ్లీషులో స్టీవ్ చెవిలో వేశాడు. ఆయన ఇంగ్లీషులో గొణిగిన జవాబును దుబాసీ అలవాటుకొద్దీ తెలుగులో అనేశాడు. తుఫాను హెచ్చరిక రాగానే కంపెనీ సిబ్బంది తీరం వదిలి విజయవాడ హోటలుకు వెళ్ళిపోవాలట! రూలట! ఇక్కడ ఉంటే ప్రాణాలకు ప్రమాదమట! దుబాసీ మైకు ఆపడం మరిచిపోవడంతో ఊరంతా వింది.

“సారీ, మేడమ్,” అన్నాడు స్టీవ్.

నాంచారమ్మ తన నెత్తిమీది టోపీ తీసి ఆయన చేతిలో పెట్టింది.

“మేడమ్‌ని అయిపోయానుగా బాబూ. పరాయివాళ్ళ దిబ్బ నీకెందుకు?”