పెద్దాయన స్పీకర్లు, పద్దెనిమిది బొంతలు

ఆ శనివారం పొద్దున కళ్లజోళ్లాయన వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కాఫీ తాగుతూ ఒక పాట వినాలి, పదింటికి షాపు తెరవాలి, ఇద్దరి కళ్లజోళ్లకు అద్దాలు బిగించాలి, రెండింటికల్లా ఇంటికొచ్చి పడుకోవాలి. ఆయన అమ్మేది కళ్లజోళ్లే గానీ ప్రాణమంతా చెవుల్లో ఉంటుంది. ఊళ్లో అలాంటివాళ్లు ఇంకో ఆరుగురున్నారు. ఆదివారం ఆదివారం ఒకరింట్లో చేరి పాటలు వింటారు. నిజం చెప్పాలంటే పాట వినేది పావుగంట, పాట మోసుకొచ్చే తీగ గురించి పోట్లాడుకునేది మూడు గంటలు.

ఆ ఏడుగురిలో పెద్ద దిక్కు రేడియో స్టేషన్లో పనిచేసి రిటైరైన సౌండ్ ఇంజనీరు. అందరూ పెద్దాయన అంటారు. ముప్ఫై ఏళ్ల కిందట ఆయన తన చేతులతో చేసుకున్న రెండు చెక్క స్పీకర్లున్నాయి, ఒక్కోటీ నడుమెత్తు. తొమ్మిదేళ్ల కిందట వాటిలో మొదటిసారి పాట విన్నప్పుడు, పాడే మనిషి పల్లవి ఎత్తుకోబోతూ తీసుకున్న ఊపిరి కళ్లజోళ్లాయనకు వినపడింది. అప్పట్నుంచీ ఆయనకు ఇంట్లోని స్పీకర్లు అగ్గిపెట్టెల్లా కనిపిస్తున్నాయి. ఇప్పుడు పెద్దాయన మూడో అంతస్తులో చిన్న ఇంటికి మారుతున్నాడు. ఆ మెట్ల మలుపుల్లో స్పీకర్లు తిరగవు. ఎవరికో ఒకరికి ఇచ్చేస్తానన్నాడు.

కాఫీ సగం తాగాడో లేదో, ఫోన్లో వాళ్ల గ్రూపులో పెద్దాయన మెసేజి వచ్చింది. "సౌండు తప్ప వేరే లోకం లేనివాడికి నా స్పీకర్లు ఇవ్వను. వెనక ఒకడికి ఒక జత ఇస్తే, బాగుచేస్తానని రెండు వారాలకే విప్పాడు. అవి మళ్లీ బిగియలేదు. కాబట్టి ఎవరికి ఏం కాలక్షేపం ఉందో రాయండి. వచ్చి చూసి నిర్ణయిస్తాను."

పళ్ల డాక్టరు వెంటనే రాశాడు, చేపలు పెంచుతానని. లెక్కల మాస్టారు చదరంగమన్నాడు. లిఫ్టు మెకానిక్కు కొండలెక్కుతానన్నాడు. కళ్లజోళ్లాయన తన జీవితమంతా ఒకసారి వెతుక్కున్నాడు. అందులో షాపు ఉంది, స్పీకర్లున్నాయి, మధ్యలో భోజనం ఉంది. ఇంకేమీ దొరకలేదు. తలెత్తి చూస్తే ఎదురుగా భార్య ఒక పాత బొంత మడతపెట్టి బీరువాలో పెడుతోంది. "బొంతలు కుట్టడం, పదేళ్లుగా" అని రాసేసి, ఏమీ జరగనట్టు కాఫీ అందుకున్నాడు.

కాఫీ పెదాలకు తగలకముందే జవాబొచ్చింది. "చాలా బావుందయ్యా. పదేళ్లంటే ఓ ఇరవై బొంతలైనా ఉంటాయి. రేపు పదింటికి అందరం మీ ఇంటికే వస్తున్నాం."

"ఇదిగో, మనింట్లో బొంతలెన్ని ఉన్నాయి?" అని అడిగాడు భార్యని.

"మూడు. ఏం?"

"నువ్వు ఎప్పుడూ ఏవో కుడుతూనే ఉంటావు కదా, మూడేనా?"

"కుట్టినవి కుట్టినట్టు ఇచ్చేస్తానుగా. అక్క దగ్గర ఐదున్నాయి. మేడమీద వాళ్లకి రెండిచ్చా. ఇస్త్రీ ఆయన దగ్గర రెండు. మా స్కూల్లో హెడ్మిస్ట్రెస్ ఏటా ఒకటి పట్టుకుపోతుంది, అవి ఆరు. అసలెందుకండీ ఈ లెక్కలు?"

ఎందుకో చెప్పాడు. ఆవిడ బీరువా తలుపు మూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది. స్కూల్లో గుమస్తాగా ఆవిడ రోజుకు నలభై రకాల సాకులు వింటుంది. ఇది నలభై ఒకటోది.

"వెళ్లి ఆ బొంతలన్నీ అడిగి తెచ్చుకోండి. నేను మాత్రం ఒక్క అబద్ధం కూడా ఆడను. ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్తా."

"నిన్నెవరూ అడగకుండా లోపలి గదిలో ఉంటే చాలు" అన్నాడు ఆయన బతిమాలుతూ.

షాపు తెరవలేదు. మేడమీద వాళ్లు ఏమీ అడక్కుండా ఇచ్చారు. ఇస్త్రీ ఆయన బల్లమీద పరిచిన బొంత లాగుతుంటే కాస్త గొణిగాడు, దాని మధ్యలో ఇస్త్రీపెట్టె ఆకారంలో ఒక మాడిన మచ్చ ఉంది. హెడ్మిస్ట్రెస్ ఆరూ ఇచ్చి, ఎన్నిచ్చిందో కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకుంది. చిక్కంతా వదినగారి దగ్గరొచ్చింది. ఆవిడ భార్యకి అక్క, చెల్లెలికి తుమ్మొచ్చినా తన ముక్కు తుడుచుకునే రకం.

"ఇంత ఎండల్లో ఐదు బొంతలెందుకు మరిదీ?" అంది.

దారంతా ఆలోచించుకున్న జవాబు ఆయనకు సమయానికి గుర్తురాలేదు. "ఇంట్లో చలిగా ఉంటోంది వదినగారూ" అనేశాడు.

"ఎవరికి?"

"మీ చెల్లికే."

వదినగారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆయన నాలుక కరుచుకున్నాడు గానీ అప్పటికే మాట బయటపడిపోయింది. "అయితే ఇప్పుడే వస్తా పదండి" అంది ఆవిడ. "వద్దు వదినగారూ, ఎవర్నీ కలవొద్దన్నారు డాక్టరు." "పోనీ ఫోన్ చేస్తా." "ఫోన్ కూడా మాట్లాడొద్దన్నారు." ఒక్కో మాటతో ఆమె చెల్లెలి జబ్బు ముదిరిపోతున్నదని ఆయనకు తెలుస్తూనే ఉంది. ఆపడం చేతకాలేదు. ఐదు బొంతలూ, చెల్లెలికి తాగించమని ఆవిడ ఇచ్చిన కషాయం సీసా చంకన పెట్టుకుని పరుగులాంటి నడకతో బయటపడ్డాడు.

సాయంత్రమంతా హాల్లో మేకులు కొట్టి బొంతలు తగిలించాడు. గోడలు నిండాయి, కిటికీలు మూసుకుపోయాయి, తలుపు వెనక ఒకటి, బీరువా ముందు ఒకటి. ఆఖరిది, వదినగారికి అన్నిటికంటే ఇష్టమైనది, మేకుకి పట్టుకుని జానెడు పొడవున చర్రున చిరిగింది. భార్య వచ్చి ఆ చిరుగుని చూసింది, ఆయన్ని చూసింది, బొంత తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ తిట్టి ఉంటే ఆయనకు కాస్త ధైర్యంగా ఉండేది.

ఆ రాత్రి నిద్ర పట్టక, కుట్టేవాడి గుర్తుగా ఏదో ఒకటి ఉండాలని తోచి, కుడిచేతి చూపుడువేలికి కట్టు కట్టుకున్నాడు.

మర్నాడు సరిగ్గా పదింటికి ఆరుగురూ వచ్చారు. కళ్లజోళ్లాయన కుట్ల పేర్లు నాలుగు బట్టీపట్టి ఉంచాడు. వాటినే లోపల జపం చేసుకుంటున్నాడు. తీరా చూస్తే వాళ్లలో ఎవరూ కుట్లకేసి చూడలేదు. లిఫ్టు మెకానిక్కు తిన్నగా గది మూలకు వెళ్లి చప్పట్లు కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు. లెక్కల మాస్టారు ఇంకో మూలలో కొట్టాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ప్రతిధ్వని లేదు సార్. అసలు లేదు" అన్నాడు మెకానిక్కు.

"ఆ ఇస్త్రీ మచ్చ ఉన్నది మందంగా ఉంది. దాన్ని స్పీకరు వెనక్కి మారిస్తే ఇంకా బావుంటుంది" అన్నాడు మాస్టారు బొంతను వేళ్ల మధ్య నలిపి చూస్తూ.

పళ్ల డాక్టరు మాత్రం వేరే పనిలో ఉన్నాడు. అంతకు గంట ముందే పెద్దాయన డాక్టరు ఇంటికి వెళ్లి చేపలతొట్టి చూసి, దాని పంపు మోతకి చెవులు మూసుకుని బయటికొచ్చేశాడు. ఆ మంట డాక్టరు కడుపులో ఉంది. ఆయన కళ్లజోళ్లాయన వేలికేసే చూస్తున్నాడు.

"కుట్టేటప్పుడు గుచ్చుకుందా?"

"అవునండీ. మామూలే."

"సూది పట్టేది కుడిచేత్తో కదా. గుచ్చుకుంటే ఎడమచేతికి గుచ్చుకోవాలి."

కళ్లజోళ్లాయన "నాది ఎడమచేతి వాటం" అన్నాడు. ఆ మాట అన్న పాపానికి మంచినీళ్ల గ్లాసు ఎడమచేత్తో ఎత్తి, సగం చొక్కామీద ఒలకబోసుకున్నాడు. డాక్టరు వదల్లేదు. గోడమీది బొంతలో ఒక నీలం చారల ముక్క మీద వేలు పెట్టాడు. "ఈ గుడ్డ బావుంది. ఎక్కడ సంపాదించారు?" కళ్లజోళ్లాయన దగ్గరికెళ్లి చూశాడు. అది తన చొక్కా. ఆరేళ్ల కిందట పోయిందని ఇల్లంతా తిరగేసి, చాకలి మీద కోప్పడిన చొక్కా. పక్కన గోధుమరంగు ముక్క ఆయన పాత పంట్లాము. ఆ పక్కది పెళ్లినాటి దుప్పటి. పద్దెనిమిది బొంతల్లోనూ తన సంసారం ముక్కలుముక్కలుగా ఉంది. ఆయన దాన్ని ఊరంతా తిరిగి అరువు తెచ్చుకున్నాడు. "పాతబట్టలే" అన్నాడు ఆ చారల మీద చెయ్యి వేసి.

"ఇక కూర్చోండి" అన్నాడు పెద్దాయన. ఆయన పద్ధతి అందరికీ తెలిసిందే. ఏ ఇంటికెళ్లినా పాటకంటే ముందు గదిని వినాలి. అన్నీ ఆపేసి, రెండు నిమిషాలు కళ్లు మూసుకుని, ఆ గదిలో ఎంత నిశ్శబ్దముందో చెవికి పట్టించుకున్నాకే పాట. ఫ్యాను ఆపారు. కిటికీల మీద బొంతలుండటంతో వీధి వినపడలేదు. ఏడుగురు మగవాళ్లు చేతులు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. పెద్దాయన ముఖంలో మెల్లగా ఒక చిరునవ్వు విచ్చుకోవడం కంటికొసల్లోంచి చూసి, కళ్లజోళ్లాయన స్పీకర్లు ఎక్కడ పెట్టాలో మనసులో కొలుచుకోవడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే వీధితలుపు తోసుకుని వదినగారు వచ్చింది. ఒక చేతిలో ఫ్లాస్కు, ఇంకో చేతిలో థర్మామీటరు. లోపల చీకటి. కిటికీలన్నీ కప్పేసి ఉన్నాయి. పరాయి మగవాళ్లు వరసగా కూర్చుని తలలు వంచుకుని ఉన్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. మరిదిగారి చొక్కా తడిసి ఉంది. చెల్లెలు ఎక్కడా లేదు. ఫ్లాస్కు ఆవిడ చేతిలోంచి జారి కిందపడింది.

"ఎప్పుడు పోయింది?" అని ఆవిడ గోడకి చేరగిలబడి ఏడుపు అందుకోబోయింది.

పెద్దాయన కళ్లు తెరవకుండానే చెయ్యెత్తాడు. ఆ చేతికి రేడియో స్టేషన్లో మంత్రులు కూడా నోరు మూసుకునేవారట. వదినగారి ఏడుపు గొంతులోనే ఆగిపోయింది.

"వినండి" అన్నాడు ఆయన.

అందరూ విన్నారు. లోపలి గదిలోంచి చిన్న టిక్కుమన్న చప్పుడు, ఆ వెంటనే మందపాటి గుడ్డలోంచి పొడుగ్గా దారం లాగిన చప్పుడు. మళ్లీ టిక్కు. మళ్లీ దారం. బొంతలు గదిని ఎంత బాగా మూసేశాయంటే, ఆ దారం కొస గుడ్డ దాటడం కూడా తెలుస్తోంది.

"సూది వేలికి తొడిగిన అంగుస్తానుకి తగులుతోంది. అలవాటైన చెయ్యి. కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎడం ఒక్కలాగే ఉంది" అన్నాడు పెద్దాయన. కళ్లు తెరిచి కళ్లజోళ్లాయన వైపు తిరిగాడు. "పదేళ్లుగా కుట్టే మనిషి ఇక్కడ నా ఎదురుగా కూర్చున్నాడు. మరి లోపల కుట్టేదెవరయ్యా?"

కళ్లజోళ్లాయన కట్టున్న వేలు వెనక్కి దాచుకున్నాడు. వదినగారికి మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చింది. "అది మా చెల్లే. ఈ బొంతలన్నీ దానివేగా. అయ్యో, అంత జ్వరంలో పెట్టుకుని కుట్టిస్తున్నారా మరిదీ?" అంటూ థర్మామీటరుతో లోపలికి పరిగెత్తింది.

లోపలినుంచి భార్య వచ్చింది, చేతిలో సగం కుట్టిన చిరుగు, వేలికి అంగుస్తాను. జ్వరం లేదని అక్కకి చెప్పింది, బొంతలు తనవేనని పెద్దాయనకి చెప్పింది. ఆవిడ మాటిచ్చినట్టే ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. డాక్టరు సోఫాలో హాయిగా వెనక్కి వాలాడు.

"ఈ చప్పుడు రోజూ వస్తుందా అమ్మా?" అని అడిగాడు పెద్దాయన.

"పందొమ్మిదేళ్లుగా వస్తోందండీ. ఈయన అటు తిరిగి పాటలు వింటుంటారు, నేను వెనక కూర్చుని కుట్టుకుంటుంటాను."

కళ్లజోళ్లాయనకు సిగ్గుతో చెవులు కాలాయి. పాటగాడి ఊపిరి పట్టుకున్న ఆ చెవులకు ఈ చప్పుడు ఒక్కసారీ వినపడలేదు.

"స్పీకర్లు ఈ ఇంటికే వస్తాయి" అన్నాడు పెద్దాయన. కళ్లజోళ్లాయన లేవబోయాడు. "నువ్వు కూర్చో. అవి అమ్మాయివి. వినాలనిపిస్తే ఆవిడని అడుగు."

భార్య అంగుస్తాను తీసి చూసుకుంటూ ఆలోచించింది. "తీసుకుంటానండీ. కానీ ఈ బొంతలు సాయంత్రానికి ఎవరివి వాళ్లకి వెళ్లిపోతాయి. హెడ్మిస్ట్రెస్ దగ్గర ఈయన సంతకం కూడా ఉంది. బొంతల్లేకపోతే ఈ గదిలో అంత పెద్ద స్పీకర్లు బావుంటాయా?"

"గంగాళంలో అరిచినట్టుంటుంది" అన్నాడు పెద్దాయన.

"అయితే ఇంకో పదిహేను కావాలి" అంది ఆవిడ, భర్త వైపు తిరిగి. "నేనొక్కదాన్నే కుట్టను. గంట కుడితే గంట వినొచ్చు."

నెల తిరక్కుండా కళ్లజోళ్లాయన గ్రూపులో మళ్లీ రాశాడు, తన కాలక్షేపం బొంతలు కుట్టడమేనని. ఈసారి కట్టు ఎడమచేతికి ఉంది, దాని కింద దెబ్బ కూడా ఉంది.