రాయకముందే 'రాసిన' అనే డ్రైవర్

డ్రైవర్ అనే ప్రోగ్రాములో ఎవరైనా మార్పు రాసినప్పుడు సమీక్షకుడు చేయవలసిన పనులు: మార్పును తెరవాలి. రాసింది ఎవరో చూడాలి. మనకంటే పెద్దవారైతే ఒక తప్పు పట్టాలి, అది వారిని నొప్పించకూడదు. ఆపైన 'ఆమోదం' నొక్కాలి. తీరిక చిక్కితే మార్పును చదవాలి.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని మా సంస్థలో నేను సమీక్షకుణ్ణి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి కూడా కాబట్టి నియమం దాటే ధైర్యం నాకు లేదు. మా అమ్మ కౌసల్యమ్మ సంగారెడ్డి బస్సులో పక్క సీటువాళ్లకు "మావోడు కంప్యూటర్లల్ల తప్పులు పట్టుకుంటడు" అని చెబుతుంటుంది.

ఇస్నాపూర్‌లో ఒకే బిల్డింగులో గదికో కుటుంబం కిరాయికి ఉన్నట్టు, ఒక పెద్ద కంప్యూటర్ లోపల చాలా చిన్న కంప్యూటర్లు కాపురముంటాయి. వాటిని వర్చువల్ మెషీన్లంటారు. అవి దాచమని ఇచ్చిన సమాచారాన్ని డిస్కు మీద రాసి, తిరిగొచ్చి 'రాసిన', అంటే రాశాను, అని చెప్పే ప్రోగ్రామే మా స్టోరేజీ డ్రైవర్.

అది నెమ్మదిగా ఉందని ఒక మందుల ఫ్యాక్టరీ వారు ఫిర్యాదు చేయగా, మా అధిపతి సూర్యప్రకాశరావు గారు స్వహస్తాలతో మార్పు రాశారు. వేగం అమోఘంగా పెరిగింది. నేను కూలంకషంగా పరిశీలించి, మార్పు వివరణలో ఒక వాక్యం చివర చుక్క లేదని పట్టుకుని, ఆమోదించాను. నా సూక్ష్మదృష్టిని వారు సభాముఖంగా మెచ్చుకున్నారు. మిగతావారు నా ఆమోదం చూసి ఆమోదించారు.

ఒక్క శ్రీదివ్య నొక్కలేదు. కొత్తగా చేరిన అమ్మాయి, ఆ నెలాఖరుకు ఉద్యోగం ఖాయం కావాలి. నేరుగా నా కుర్చీ దగ్గరికి వచ్చింది.

"అన్నా, జెర చదివి సూడు. మన డ్రైవర్ డిస్కు మీద రాయకముందే 'రాసిన' అంటున్నది. గందుకే గంత జల్దీ. మధ్యల కరెంటు పోతే ఏంది?"

"సార్ రాసిండు కదమ్మా. నువ్వు గూడ నొక్కు."

"నువ్వు చదివినవా?"

"నొక్కిన."

విషయం సభకెక్కింది. రావు గారు లేచారు. "కరెంటు పోతుందని ముందే ఊహించడం ఈ ప్రాంత ప్రగతిని శంకించడమే. విశ్వాసం లేని చోట వేగం ఉండదు" అన్నారు. ప్రసంగం మధ్యలో కరెంటు పోయి వచ్చింది. దాన్ని ఎవరూ అభ్యంతరంగా తీసుకోలేదు.

మార్పు ఫ్యాక్టరీకి చేరింది. తర్వాత వచ్చిన గాలివానకు అక్కడ కరెంటు పోయింది. డ్రైవర్ 'రాసిన' అని చెప్పిన వివరాలు డిస్కు మీద లేవు. ఏ డబ్బాలో ఏ మందుందో తేల్చలేక వాళ్లు సరుకంతా పారేశారు.

విచారణ సంఘం వేశారు, నా సూక్ష్మదృష్టిని గుర్తించి నన్నే కన్వీనర్‌ను చేశారు. నిష్పక్షపాతంగా తేల్చాం. మార్పుకు ఒక్కరు తప్ప అందరూ ఆమోదం ఇచ్చారు. అంటే సమీక్ష అసంపూర్తిగా జరిగింది. అసంపూర్తికి కారకురాలు శ్రీదివ్య. ఒక ఆమోదం తక్కువైనా వెనకడుగు వేయని రావు గారి చొరవను అభినందించాం. సంఘ సభ్యులంతా నివేదికను ఆమోదించారు, చదివారా అని అడిగి నేను ఎవరినీ అవమానించలేదు.

శ్రీదివ్య ఉద్యోగం ఖాయం కాలేదు. బ్యాగు భుజాన వేసుకుని వెళ్తూ నా దగ్గర ఆగింది.

"నివేదికల చుక్కలన్నీ సక్కగ ఉన్నయా అన్నా?"

ఉన్నాయి. నేనే చూశాను.

పాఠకులకు ఒక మనవి. శ్రీదివ్యను గుర్తుపెట్టుకోండి. 'అలాగే' అని మాత్రం వెంటనే అనకండి. మా డ్రైవర్ కూడా 'రాసిన' అని వెంటనే అనేది.