ఆందోళన లేని దేశం

"ఈ ఏడాది చివరికల్లా మన దేశంలో ఆందోళన అన్న మాటే వినబడదు!" అని ఆరోగ్యమంత్రిగారు మైకు అదిరేలా ప్రకటించారు. ఆ మాట నోట్లోంచి ఊడిపడేదాకా తనకలాంటి ఉద్దేశం ఉన్నట్టు ఆయనకే తెలియదు. గొప్ప నాయకులు అంతే. ముందు ప్రకటిస్తారు. ఆలోచించే పని తర్వాత ఎవరో ఒకరు చూసుకుంటారు.

ఆ ఎవరో ఒకరు ఆయన పి.ఏ.

వేదిక వెనక నిలబడ్డ పి.ఏ.కి ఆ ప్రకటన వినగానే భయం పట్టుకుంది. అందులో వింతేమీ లేదు. ఫోను మోగితే అతనికి గుండె దడ, మోగకపోతే ఇంకా దడ. ఇంటికి తాళం వేశానా, కూతురు రోడ్డు దాటిందా, మంత్రిగారు ఎందుకు నవ్వారు, ఎందుకు నవ్వలేదు అనుకుంటూ, మెడ నరాలు బిగుసుకుని, పక్కమీద దొర్లుతూ ఏళ్లు గడిపాడు. చివరికి భార్య చెయ్యి పట్టుకుని పెద్దాసుపత్రికి లాక్కెళ్లింది.

"దీన్ని సాధారణ ఆందోళన రుగ్మత అంటారండీ. మీ పిరికితనం కాదు, జబ్బు. తగ్గుతుంది," అంది డాక్టరమ్మ. వారం వారం కౌన్సెలర్‌తో మాట్లాడాలి, రోజూ కాసేపు నడవాలి, మాత్ర వేసుకోవాలి. మాత్ర గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, చెప్పకుండా మానెయ్యకూడదు. నిజంగానే తగ్గుముఖం పట్టింది. ఈమధ్య ఫోను మోగినా ముద్ద గొంతు దిగుతోంది.

సభ అయ్యాక మంత్రిగారు ఆ డాక్టరమ్మనే పేషీకి పిలిపించారు.

"ఆందోళనకి ట్రీట్‌మెంట్ ఏముందమ్మా?"

"కౌన్సెలింగ్ ఉందండీ, మందులున్నాయి. కొందరికి రెండూ కలిపి ఇస్తాం."

"కౌన్సెలింగ్‌కి రిబ్బన్ ఎక్కడ కట్టాలి?"

"అదో గదిలో ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడమండీ. తలుపేసుకుని."

"తలుపేసుకుంటే కెమెరాలెలా వస్తాయి? పోనీ, మందులు?"

"ఆసుపత్రిలో అయిపోయాయండీ. మందులు తెప్పించమని పేషెంట్లూ నర్సులూ, మా కౌన్సెలర్ కూడా, గేటు ముందు ఆందోళన చేస్తున్నారు."

మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. "పట్టపగలు, నడిరోడ్డు మీద! అంతగా ముదిరిందా? వెంటనే అడ్మిట్ చేయించండి!"

"అయ్యో, అది వేరే ఆందోళనండీ..."

"ఆందోళన ఆందోళనే. నిఘంటువులో రెండు మాటలున్నాయా?"

లేవు. వైద్యంలోనే కాక భాషలోనూ మంత్రిగారిది అందెవేసిన చెయ్యి అని పి.ఏ. గ్రహించాడు. నోరు విప్పి చెబుదామనుకున్నాడు గానీ నాలుక పిడచగట్టుకుపోయింది.

సాయంత్రానికల్లా పోలీసు వ్యాన్లకు తెల్లరంగు వేసి గేటు దగ్గరికి తోలారు. రోగ నిర్ధారణ ఇన్‌స్పెక్టర్‌గారే దగ్గరుండి చేశారు. అట్ట పట్టుకున్నవాళ్లది తీవ్ర ఆందోళన. నినాదమిచ్చినవాళ్లది అతి తీవ్రం. ఊరికే నిలబడి చూసినవాళ్లది ప్రాథమిక దశ, త్వరగా పట్టుకుంటే నయమవుతుంది. గేటు ముందు పురుగు కూడా మిగల్లేదు. ఇంత వేగంగా గుణమిచ్చే చికిత్స ప్రపంచంలో ఎక్కడా లేదని పత్రికా ప్రకటన వెళ్లింది. దాన్ని రాసింది పి.ఏ.యే.

ఇంతలో అతనికీ ఇబ్బంది వచ్చిపడింది. ఇంట్లో మాత్రలు నిండుకున్నాయి, కొత్తవి రాలేదు. కౌన్సెలింగ్ రోజు వస్తే చాలనుకుంటూ వెళ్తే ఆ గదికి తాళం. వెతగ్గా వెతగ్గా, గేటు దగ్గర పట్టుకొచ్చినవాళ్ల కోసం తెరిచిన కొత్త వార్డులో కౌన్సెలరమ్మ మంచం మీద, రోగి గౌనులో కనబడింది. గుమ్మంలో కానిస్టేబుల్.

"రండి, కూర్చోండి," అంది ఆమె, ఏమీ జరగనట్టు. "ఈ వారం ఎలా గడిచింది?"

"మళ్లీ మొదలైంది మేడమ్. నిద్ర లేదు."

"దేని గురించి భయం?"

"మీ గురించే. అంతా చూస్తూ నేనొక్క మాటా అనలేదు."

"ఇది జబ్బు కాదండీ. న్యాయంగా పడాల్సిన బాధే."

అతని మెడ కొంచెం సడలింది. సరిగ్గా అప్పుడే కత్తెరతో, కెమెరాలతో మంత్రిగారు వార్డులో అడుగుపెట్టారు.

"నువ్విక్కడేంటయ్యా?"

పి.ఏ. లేచి నిలబడ్డాడు. ఈసారి నాలుక కదిలింది. "నాకూ ఆందోళన ఉందండీ. చాలాకాలంగా."

మంత్రిగారు ఓ అడుగు వెనక్కి వేశారు. "నా పేషీలోనే! గవర్నమెంటు ఉద్యోగివై ఉండి ఆందోళనలో పాల్గొంటావా?"

ఇల్లు చేరేసరికి సస్పెన్షన్ అతనికంటే ముందే వచ్చి కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ప్రతిపక్ష నాయకుడు పూలగుత్తితో, తన సొంత కెమెరాలతో దిగాడు. పి.ఏ.ని గుండెలకు హత్తుకుని, మొహం కెమెరా వైపు తిప్పాడు.

"మీ ఆందోళన ఎప్పట్నుంచీ?"

"చిన్నప్పట్నుంచేనండీ."

"విన్నారా! పసితనం నుంచీ ప్రజల కోసం ఆందోళనే! ఇకముందు ఉద్ధృతం చేస్తారా?"

"నేను చెయ్యక్కర్లేదండీ, అదే అవుతుంది."

చప్పట్లు మోగాయి. వాటి మధ్యలోంచి పి.ఏ. భార్య ముందుకొచ్చి నాయకుడికి దణ్ణం పెట్టింది.

"అయ్యా, మీకు పుణ్యముంటుంది. ఆ మాత్రలు ఎక్కడైనా దొరుకుతాయేమో ఇప్పించండి."

నాయకుడు కంగారుగా అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"మాత్రలా? ఊరుకోమ్మా! ఎన్నికలయ్యేదాకా ఆయన ఆందోళన తగ్గకూడదు."