చైర్‌పర్సన్ గారి రెండో భాగం

చింతలగెడ్డ పురపాలక సంఘానికి ఈసారి చైర్‌పర్సన్‌గా ఫ్లూటు, క్లారినెట్, సన్నాయిల కోసం రాసిన ఒక సంగీత రచన భారీ మెజారిటీతో గెలిచింది. పోటీ చేసిన మనుషులెవరికీ డిపాజిట్ దక్కలేదు. జనం రంగులు చల్లుకున్నారు. రచనకు దండ ఎలా వేయాలన్న ప్రశ్న వస్తే, నిబంధనల ప్రకారం మూడు వాద్యాలకూ విడివిడిగా వేశారు.

దాన్ని రాసింది కొండకింద పేట యశోధర. పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ వాయిస్తుంది. ఫ్లూటు ఆమె మేనమామ అప్పన్నది, సన్నాయి మస్తాన్ సాహెబుది. కౌన్సిల్ సమావేశం మొదలవగానే ముగ్గురూ వేదికెక్కి చైర్‌పర్సన్‌ను వాయించేవారు. ఫ్లూటు పైస్థాయికి వెళ్తే తీర్మానం ఆమోదం పొందినట్టు, సన్నాయి కిందికి దిగితే వాయిదా పడినట్టు కమిషనర్ దివాకరరావు నమోదు చేయించేవాడు. పాలన ఇంత హుషారుగా ఎన్నడూ సాగలేదని ప్రతిపక్షం కూడా ఒప్పుకుంది. గ్యాలరీలో చోటు కోసం జనం తోసుకునేవారు.

చిక్కల్లా రెండో భాగంతో వచ్చింది. అందులో ఫ్లూటు, సన్నాయి ఆగిపోతాయి. క్లారినెట్ ఒక్కటే ఏదో ప్రశ్నను మెల్లగా, మళ్లీ మళ్లీ అడుగుతుంది. మూడో భాగంలో మిగతా రెండూ దానికి ఆనందంగా జవాబిస్తాయి. ఒక సమావేశంలో ఆ ప్రశ్న వింటుండగా, యశోధర పేటకే చెందిన నూకాలమ్మకు తను ఎందుకొచ్చిందో గుర్తొచ్చింది. లేచి నిలబడి, "మా పేటకి కుళాయి ఎప్పుడేత్తారు బాబూ?" అని అడిగింది. పక్కనున్నవాళ్లకూ ఒక్కొక్కటే గుర్తురాసాగాయి.

కమిషనర్ యశోధరను గదికి పిలిపించి టీ ఇప్పించాడు. సభా గౌరవం దృష్ట్యా చైర్‌పర్సన్‌లోంచి రెండో భాగాన్ని తొలగిస్తున్నామని, ఇకపై క్లారినెట్ అవసరం ఉండదని మర్యాదగా చెప్పాడు. ఆ భాగం కోసమే ఆమె మిగతాదంతా రాసింది.

"అది తీసేత్తే మూడో భాగం దేనికి జవాబు చెప్తాదండీ?"

"జవాబు అద్భుతంగా ఉంది కదమ్మా," అన్నాడు కమిషనర్. "ప్రశ్న లేకపోతే ఇంకా బాగుంటుంది."

తీర్మానం పెట్టారు. ఫ్లూటు పైస్థాయికి వెళ్లింది. అక్కడ అలాగే రాసుందని, రాసింది రాసినట్టే వాయించానని అప్పన్న తర్వాత మేనకోడలికి చెప్పుకున్నాడు. అలా రాసింది ఆమే.

తర్వాతి సమావేశంలో యశోధర గ్యాలరీలో చేతులు కట్టుకుని కూర్చుంది. మొదటి భాగం అయీ అవగానే మూడోది అందుకున్నారు. హాలు ఊగిపోయింది. జనం బెంచీలెక్కారు. నూకాలమ్మ లేచినప్పుడు కమిషనర్ ఒక్క క్షణం బిగుసుకుపోయాడుగానీ, ఆమె చప్పట్లు కొట్టడానికే లేచింది. జవాబు నిజంగానే అంత బాగుంది. యశోధరకు ఒళ్లు పులకరించింది. చేతులు ఎప్పుడు విప్పిందో ఆమెకే తెలియలేదు.

మర్నాడు కొండకింద పేటకు నీళ్ల ట్యాంకరు రాలేదు. ఖాళీ బిందెలతో వరుసలో నిలబడ్డవాళ్లంతా మూడో భాగాన్ని కూనిరాగం తీస్తున్నారు. నూకాలమ్మ ఒకచోట స్వరం తప్పింది. వెనకే ఉన్న యశోధర ఓపిగ్గా సరిచేసి పాడించింది. ఈసారి నూకాలమ్మకు చక్కగా కుదిరింది. చప్పట్లు కొట్టడం కోసం అందరూ బిందెలు కింద పెట్టేశారు.